అడిగితేనే పండగ!

పెద్దలు చెబుతుంటే పిల్లలు బుద్ధిగా వినాలి... ఇది మనకు తెలిసిన పద్ధతి. పిల్లలు అడిగితేనే పెద్దలు చెప్పాలి... ఇది యూదుల పద్ధతి. అలాగని అక్కడి పిల్లలకు మాత్రం పురాతన గ్రంథాలంటే విసుగు ఉండదా? ఉంటుంది! వేల ఏళ్లనాటి కథల్ని, ఇంట్లో మాట్లాడని భాషని, ఎన్నో నియమాల్ని ఈకాలం పిల్లల మనసుకు హత్తుకునేలా చెప్పడం వాళ్లకూ పెద్ద సవాలే. ఆ సవాలుకు వాళ్లు వెతుక్కున్న జవాబులు ఏ ఇంటికైనా పనికొచ్చేవే.

పండగపూట అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఎదురుగా రకరకాల పదార్థాలు. ఓ బుడతడు ‘ఇదేంటి? ఇది చేదుగా ఉందేం? రోజూ ఇలా తినం కదా?’ అంటూ మొదలుపెట్టాడనుకోండి. ‘కబుర్లాపి ముందు తిను’ అనే మాట మన ఇళ్లలో ఎక్కడో అక్కడ వినిపించి తీరుతుంది. యూదుల ఇళ్లలో పాసోవర్ రాత్రి మాత్రం ఆ బుడతడు నోరు విప్పేదాకా అసలు కథ మొదలే కాదు.

ఈజిప్టులో బానిసలుగా మగ్గిన తమ పూర్వికులు మోషే వెంట బయటపడిన వైనాన్ని యూదులు ఏటా మార్చి-ఏప్రిల్ నెలల్లో స్మరించుకుంటారు. అదే పాసోవర్. తెలుగు బైబిల్లో దాన్నే పస్కా పండగ అన్నారు. ఆ రాత్రి చేసే విందు పేరు సెడర్. అంటే క్రమం అని అర్థం. ఆ క్రమమంతా రాసి ఉండే పుస్తకం హగ్గదా. అందులో కథకంటే ముందు నాలుగు ప్రశ్నలు ఉంటాయి. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు వాటిని రాగం తీస్తూ అడగాలి. ఈ రాత్రి పులియని రొట్టె ఎందుకు, చేదు ఆకులెందుకు... అంటూ సాగుతాయవి. అప్పుడు పెద్దలు కథ అందుకుంటారు.

నాలుక మీద చరిత్ర

కథ చెప్పడం కూడా ఒట్టి మాటలతో కాదు. బల్లమీద ఉన్న ప్రతి పదార్థమూ ఓ పాఠమే. ఉప్పునీళ్లు బానిసల కన్నీళ్లు. నమిలితే ముఖం ముడుచుకునేంత చేదుగా ఉండే ఆకో, దుంపో వాళ్ల కష్టాలకు గుర్తు. ఆపిల్ ముక్కలూ అక్రోట్లూ కలిపి నూరిన తియ్యటి ముద్ద... వాళ్లు ఇటుకలు పేర్చడానికి కలిపిన అడుసు. పిండి పొంగేదాకా ఆగే వ్యవధి కూడా లేకుండా బయల్దేరారు కాబట్టి మట్సా అనే పులియని రొట్టె. ఈజిప్టు మీద విరుచుకుపడిన పది విపత్తుల పేర్లు చెప్పేటప్పుడు ఒక్కోదానికీ గ్లాసులోంచి ఒక్కో చుక్క తీసేస్తారు. ఎందుకూ అంటే, శత్రువులే అయినా వాళ్లు బాధపడ్డారు కాబట్టి మన ఆనందం ఆమేరకు తగ్గాలని పెద్దలు వివరిస్తారు. ద్వేషం వద్దని గంటసేపు చెప్పేకన్నా ఆ పది చుక్కలు పిల్లలకు బాగా గుర్తుండిపోతాయి.

మరి విందు పూర్తయ్యేదాకా పిల్లలు మెలకువగా ఉండాలిగా! అందుకూ ఓ ఉపాయముంది. మట్సాను రెండు ముక్కలు చేసి అందులో ఒకదాన్ని దాచేస్తారు. దాని పేరు అఫికోమెన్. ఆ ముక్క తినందే విందు ముగియదు. వెతికి పట్టుకున్న పిల్లలు ఊరికే ఇవ్వరు... బహుమతి కోసం బేరమాడతారు. ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. దాదాపు 1900 ఏళ్ల కిందటి రబ్బీ అకీవా పాసోవర్ సాయంత్రం పిల్లలకు వేయించిన గింజలూ అక్రోట్లూ పంచేవారని తాల్ముద్ చెబుతోంది. వాళ్లు నిద్రపోకుండా ఉండి ప్రశ్నలు అడగాలని! ఇంట్లో పిల్లలు లేకపోతే భార్య అడగాలట. ఒంటరిగా ఉంటే తనకు తానే ప్రశ్న వేసుకోవాలట. అన్నీ తెలిసిన ఇద్దరు పండితులు కూర్చున్నా సరే, ఒకరినొకరు అడగాల్సిందే.

నలుగురు పిల్లలు... నాలుగు జవాబులు

హగ్గదాలో నలుగురు పిల్లల ప్రస్తావన వస్తుంది. మొదటివాడు తెలివైనవాడు. ఆచారాలన్నిటి గురించీ వివరంగా అడుగుతాడు. రెండోవాడు పెంకివాడు. ‘ఈ తంతంతా మీకెందుకు?’ అంటాడు. ‘మనకెందుకు’ అనడు! మూడోవాడు అమాయకుడు. ‘ఏంటిది?’ అన్న ఒక్క మాటే వాడి ప్రశ్న. నాలుగోవాడికి అడగడమే రాదు. వాడి సంగతి చివర్లో చెప్పుకుందాం.

ఈ నలుగురికీ ఒకే జవాబు చెప్పరు. ఎవరికి తగ్గట్టు వాళ్లకు చెబుతారు. పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరని బోధనాశాస్త్రం ఇవాళ చెబుతున్న మాట ఈ పాత పుస్తకంలో ఎప్పుడో చేరిపోయింది. అన్నిటికన్నా గమనించాల్సింది పెంకివాడి గురించి. వాడికి ఘాటుగానే సమాధానం దొరుకుతుంది. కానీ వాణ్ని బల్ల దగ్గర్నుంచి లేపేయరు. విసుక్కునే పిల్లాడికీ అక్కడ చోటు ఉంటుంది. యూదు టీచర్లు చాలామంది ఈ నలుగురి కథనే తరగతి గదిలో చర్చకు పెడతారు. మీరు ఏ పిల్లాడు, ఎప్పుడు ఎవరిలా ఉంటారు, పెంకివాడికి మీరైతే ఏం చెబుతారు... అని అడిగి బొమ్మలు గీయిస్తారు, నాటకాలు వేయిస్తారు.

తేనె పూసిన అక్షరం

యూదులకు చదువు మీద ఇంత పట్టుదల ఎందుకు? క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలెంలోని వాళ్ల ఆలయాన్ని కూల్చేశారు. ఆ తర్వాత వందల ఏళ్లపాటు యూదులు ఎన్నో దేశాల్లో అల్పసంఖ్యాకులుగా బతికారు. గుడి పోయింది, రాజ్యం పోయింది. వెంట తీసుకెళ్లగలిగింది పుస్తకమొక్కటే. దాన్ని పిల్లలకు అందించకపోతే ఒక్క తరంతో అంతా ఆగిపోతుంది. ఇవాళ్టికీ ప్రపంచం మొత్తంమీద ఉన్న యూదులు కోటిన్నర పైచిలుకే. అందుకే వాళ్లకు పిల్లల చదువంటే మార్కుల వ్యవహారం కాదు, జాతి మనుగడ.

ఒకటో శతాబ్దంలోనే జాషువా బెన్ గమ్లా అనే ప్రధాన పూజారి ఊరూరా పంతుళ్లను పెట్టించి ఆరేడేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించారని తాల్ముద్ చెబుతుంది. ఒక పంతులుకు 25 మంది పిల్లలు, 40 మందైతే ఓ సహాయకుడు, 50 మందైతే రెండో పంతులు ఉండాలని తాల్ముద్‌లోనే లెక్క కట్టారు. మన బడుల్లో ఇప్పటికీ ఈ లెక్క మీద వాదనలు జరుగుతూనే ఉన్నాయి! అదేచోట మరో సలహా కూడా ఉంది. చదవలేకపోతున్న పిల్లాణ్ని తరిమేయకుండా చదివేవాడి పక్కన కూర్చోబెట్టమని. కొట్టక తప్పకపోతే చెప్పు తాడుతో మాత్రమే కొట్టమని కూడా ఉంది. అంటే దెబ్బ తగలకూడదనే!

మధ్యయుగాల్లో జర్మనీ, ఫ్రాన్స్ ప్రాంతాల యూదులకు మన అక్షరాభ్యాసం లాంటి వేడుకే ఒకటి ఉండేది. ఐదారేళ్ల పిల్లాణ్ని ప్రార్థన శాలువాలో చుట్టి గురువు దగ్గరికి ఎత్తుకెళ్లేవారు. పలకమీద రాసిన హీబ్రూ అక్షరాలకు తేనె పూసి నాకించేవారు. మనవాళ్లు బియ్యంలో అక్షరం దిద్దిస్తే వాళ్లు నోటికి రుచి చూపించారన్నమాట. అక్షరం తియ్యగా ఉంటుందన్న సంగతి చదవడం రాకముందే తెలిసిపోవాలని వాళ్ల ఆలోచన.

ఇంకా వెనక్కి వెళ్తే కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరం కనిపిస్తుంది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదన్న నియమంతో అక్కడ ఓ గదిలో వందల ఏళ్లపాటు పాత కాగితాలు దాచారు. 1896-97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు వాటిలో చాలావాటిని ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చేర్చారు. ఆ రాశిలో పండితుల గ్రంథాలతోపాటు చిన్నపిల్లల వాచకాలూ బయటపడ్డాయి. పెద్దపెద్ద అక్షరాలు, వాటి లోపల రంగులు నింపుకోవడానికి ఖాళీ... దాదాపు వెయ్యేళ్ల కిందటి ‘కలరింగ్ బుక్’ అది!

ఇద్దరు కూర్చుంటేనే చదువు

యూదుల పాఠశాలకు మొదటిసారి వెళ్లినవాళ్లు అక్కడి గోల చూసి తెల్లబోతారు. నిశ్శబ్దం అసలే ఉండదు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పుస్తకంలోని వాక్యం మీద గట్టిగా వాదించుకుంటూ ఉంటారు. ఈ పద్ధతి పేరు హవ్రూతా. అంటే స్నేహం, సాంగత్యం అని చెప్పుకోవచ్చు. ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. పక్కవాడు అడిగిన ప్రశ్నకు పుస్తకంలోనే ఆధారం చూపించాలి. చూపించలేకపోతే మళ్లీ చదవాలి.

చిన్నపిల్లలకు దీన్ని కథలతో అలవాటు చేస్తారు. ఉదాహరణకు సొదొమ పట్టణం కథ. పాపాలు పెరిగిపోయిన ఆ ఊరిని నాశనం చేస్తానంటాడు దేవుడు. అబ్రాహాము ఊరుకోడు. అందులో 50 మంది మంచివాళ్లుంటే వాళ్లనూ చంపేస్తావా అని నిలదీస్తాడు. దేవుడు సరేనంటాడు. అక్కణ్నుంచి 45, 40, 30, 20... చివరికి 10 దాకా బేరం సాగుతుంది. ఇక్కడ టీచరు ఆగిపోతుంది. దేవుడితో వాదించొచ్చా? అబ్రాహాము పది దగ్గరే ఎందుకు ఆగిపోయాడు? ఒక్కడి కోసం అడగకూడదా? అని జంటలకు వదిలేస్తుంది. పదేళ్ల పిల్లలు కూడా ఈ ప్రశ్నల మీద తెగ వాదించుకోగలరు. పైగా ‘సరైన జవాబు’ అంటూ చివర్లో బోర్డు మీద రాసేదేమీ ఉండదు.

తాల్ముద్ నిండా ఇలాంటి వాదాలే. హనుక్కా పండక్కి ఎనిమిది రాత్రులు దీపాలు పెడతారు. తొలిరోజు ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయ్ శిష్యులన్నారు. ఒకటితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలని హిల్లెల్ శిష్యులన్నారు. హిల్లెల్ మాటే ఆచారమైంది. అయినా ఓడిన వాదనను పుస్తకంలోంచి కొట్టేయలేదు. తరగతిలో మళ్లీ ఆ రెండింటినీ పిల్లల ముందు పెడతారు. ఎవరి మాటకు ఏం కారణమో మీరే కనిపెట్టండని.

బట్టీతో వచ్చిన చిక్కు

ఇంత చరిత్ర ఉన్నా చిక్కులు తప్పలేదు. అమెరికా లాంటి దేశాల్లో చాలామంది యూదు పిల్లలు చదివేది మామూలు బడుల్లోనే. హీబ్రూ, తోరా నేర్చుకునేది ఆదివారాలు, లేదంటే బడి అయిపోయాక సాయంత్రాలు. ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ 1838లో మొదలుపెట్టిన ఆదివారం బడి ఈ పద్ధతికి ఆద్యం. ఆలోచన మంచిదే. కానీ రోజంతా చదివొచ్చి అలసిపోయిన పిల్లలు, బయట స్నేహితుల ఆటలు, లోపల అర్థం తెలియని ప్రార్థనలు... కాలం గడిచేకొద్దీ ‘హీబ్రూ స్కూల్’ అంటేనే విసుగుకు మారుపేరైపోయింది.

అబ్బాయిలకు 13 ఏళ్లకు బార్‌మిట్స్‌వా జరుగుతుంది. అమ్మాయిలకు 12 ఏళ్లకో, కొన్ని సంప్రదాయాల్లో 13కో బాత్‌మిట్స్‌వా. చాలాచోట్ల ఆరోజు అందరిముందూ తోరా చుట్ట తెరిచి చదవాలి. అందులో అచ్చులను తెలిపే చుక్కలుండవు, రాగం గుర్తులుండవు. వేలితో తాకకూడదు కాబట్టి చెయ్యి ఆకారంలో ఉండే పుల్లతో వరుస చూపిస్తూ చదవాలి. ఆ ఒక్కరోజు కోసం రికార్డు విని బట్టీపట్టేసి, గడగడా అప్పజెప్పేసి, మర్నాటి నుంచి ఆ వైపే చూడని పిల్లలు ఎందరో! అర్థం తెలియకుండా శ్లోకాలు వల్లెవేయించిన మన ఇళ్లకూ ఈ బాధ కొత్తదేం కాదు.

దీనికి విరుగుడుగా కొందరు టీచర్లు బరువును చదవడం నుంచి చెప్పడం వైపు మార్చారు. ఆరోజు పిల్లలు చేసే చిన్న ప్రసంగానికి ద్వార్ తోరా అని పేరు. తాము చదివిన భాగంలో తమకు నచ్చనిదీ, అర్థంకానిదీ పట్టుకుని, పాత వ్యాఖ్యాతలు ఏమన్నారో చూసి, తమ మాట చేర్చాలి. నెలల తరబడి సాగే ఈ తయారీలో పిల్లలు తమ సొంత ప్రశ్నకే జవాబు వెతుక్కుంటారు.

ఆడపిల్లల సంగతీ చెప్పుకోవాలి. ఈ చదువంతా శతాబ్దాలపాటు ఎక్కువగా మగపిల్లలదే. పోలండులోని క్రాకోలో కుట్టుపని చేసుకునే సారా షెనిరర్ 1917లో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. అదే ‘బైస్ యాకోవ్’ పాఠశాలల ఉద్యమంగా ఎదిగింది. న్యూయార్క్‌లో 1922 మార్చి 18న రబ్బీ మొర్డెకాయ్ కప్లాన్ తన పన్నెండేళ్ల కూతురు జుడిత్‌తో ప్రార్థనా మందిరంలో అందరిముందూ తోరా భాగం చదివించారు. అమెరికాలో బహిరంగంగా జరిగిన తొలి బాత్‌మిట్స్‌వాగా దాన్ని చెబుతారు.

చదువు తరగతి గదిలోనే ఎందుకు జరగాలన్న ఆలోచన వేసవి శిబిరాలకు దారితీసింది. విస్కాన్సిన్‌లో 1947లో తొలి రామా శిబిరం మొదలైంది. అడవిలో, చెరువు పక్కన కొన్ని వారాలు. ఆటలూ పాటలూ నాటకాలూ... మధ్యమధ్యలో హీబ్రూ మాటలు. శుక్రవారం సాయంత్రం తెల్లబట్టలు వేసుకుని అందరూ కలిసి షబ్బాత్ విశ్రాంతి దినానికి స్వాగతం చెబుతారు. ఇంటికెళ్లాక పిల్లలే అమ్మానాన్నల్ని దీపం పెట్టమని అడగడం మొదలుపెడతారు. 2005లో హెరాల్డ్ గ్రిన్‌స్పూన్ ఫౌండేషన్ మొదలుపెట్టిన పీజే లైబ్రరీ మరో దారి తొక్కింది. పిల్లలున్న యూదు కుటుంబాలకు కథల పుస్తకాలు ఉచితంగా ఇంటికే పంపిస్తుంది. పీజే అంటే పైజమా. పిల్లలు రాత్రి బట్టలు వేసుకుని అమ్మ పక్కన చేరే వేళ కోసమన్నమాట. కథ చదివేది అమ్మో నాన్నో కాబట్టి తెలియనివి పెద్దలూ నేర్చేసుకుంటారు.

అయితే ఆటలతోనే సరిపెడితే? కాగితం దీపాలు కత్తిరించడం, బొమ్మలకు రంగులేయడం... పదేళ్లు వచ్చేసరికి మిగిలేది ఇంతేనా అన్న ప్రశ్న వాళ్లలోనూ ఉంది. అందుకే మంచి టీచర్లు ఆట వెనక కథనీ, కథ వెనక మూల వాక్యాన్నీ చూపిస్తారు. రుచి చూపించేందుకే తేనె. దాని కింద అక్షరం ఉండాలి కదా!

కన్నీళ్లు చెప్పేదెలా?

యూదు పిల్లలకు చెప్పాల్సిన వాటిలో అన్నిటికన్నా కష్టమైనది రెండో ప్రపంచయుద్ధంనాటి మారణహోమం. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో దాదాపు 15 లక్షలమంది పిల్లలే. చెబితే చిన్నారులు భయపడిపోతారు. చెప్పకపోతే చరిత్ర తెలియదు. జెరూసలెంలోని యాద్ వషెం స్మారక కేంద్రం దీనికి వయసునుబట్టి మెట్లు వేసుకుంది. చిన్నపిల్లలకు శవాల ఫొటోలు చూపించరు, లక్షల లెక్కలు చెప్పరు. ఒక్క కుటుంబం, ఒక్క పాప, ఆమె బొమ్మ, ఆమె బడి... ఆమె ఎలా బయటపడిందన్న కథ. మిగతావి వయసు పెరిగేకొద్దీ.

ఆ చీకటిలోనూ పాఠాలు ఆపనివాళ్లున్నారు. ప్రాగ్‌కు దగ్గర్లోని టెరెజిన్ నిర్బంధ స్థావరంలో పిల్లలకు చదువు చెప్పడాన్ని నాజీలు నిషేధించారు. బొమ్మలు గీయడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ ఆ సందునే వాడుకున్నారు. దొరికిన చిత్తు కాగితాల మీదే పిల్లలతో పూలూ, ఇళ్లూ, సీతాకోకచిలుకలూ గీయించారు. ప్రతి బొమ్మమీదా సొంతపేరు రాయమనేవారు. అంకెలుగా మార్చేసిన పిల్లలకు పేరు తిరిగివ్వడమది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. వెళ్లేముందు దాదాపు 4,500 బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో దాచారామె. వాటిని గీసిన పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు. ప్రాగ్‌లోని యూదు మ్యూజియం భద్రపరిచిన ఆ బొమ్మల ముందు నిలబడి, కింద ఉన్న పేరు చదివినప్పుడు ఇప్పటి పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

మన దగ్గరా ఉన్నారు

భారతదేశంలోని యూదులూ తమ పిల్లలకు తమదైన దారిలో కథలు చెప్పుకున్నారు. కొంకణ తీరంలోని బెనే ఇజ్రాయెల్ యూదులు మన హరికథలాంటి మరాఠీ కీర్తన పద్ధతిలో బైబిల్ కథలు పాడుకున్నారు. 1874లో పుణెలో అచ్చయిన మరాఠీ-హీబ్రూ హగ్గదాలోని బొమ్మల్లో మట్సా తయారుచేసే ఆడవాళ్లు చీరల్లో కనిపిస్తారు. కేరళలో కొచ్చిన్ యూదు మహిళలు ఆ కథల్ని మలయాళం పాటలుగా నోట్‌పుస్తకాల్లో రాసుకుని తరతరాలుగా పాడారు.

తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో చిన్న ప్రార్థనా మందిరం ఉంది. తాము ఇజ్రాయెలీయుల ఎఫ్రాయిము గోత్రం వారసులమని నమ్మే బెనే ఎఫ్రాయిం సముదాయం వాళ్లది. 1980ల చివర్నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు. వీళ్లమీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు రాసిన పుస్తకం 2013లో వచ్చింది. అక్కడి పెద్దల్లో చాలామంది హీబ్రూ అక్షరాలను పెద్దయ్యాకే నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. తాతముత్తాతల నుంచి వచ్చినదాన్ని అందించడం ఒక ఎత్తు. తాము నేర్చుకుంటూనే పిల్లలకు నేర్పడం మరో ఎత్తు.

పండగే పాఠం

సుక్కోత్: ఏడురోజులపాటు ఆరుబయట పందిరి వేసుకుని అందులోనే భోజనాలు. ఆకుల కప్పు సందుల్లోంచి నక్షత్రాలు కనిపించాలి. ఎడారిలో పూర్వికుల ప్రయాణం పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

హనుక్కా: నాలుగు పలకల బొంగరం ఆట. ఒక్కో పలకమీద ఒక్కో హీబ్రూ అక్షరం. ఆడుతూనే అక్షరాలు వచ్చేస్తాయి.

పూరిం: రకరకాల వేషాలు. కథలో దుర్మార్గుడైన హామాను పేరు వినపడగానే గిలకలతో గోలగోల. పేరు ఎప్పుడొస్తుందోనని చెవులు రిక్కించి వింటారు.

తు బిష్వత్: చెట్ల పండగ. ఆరోజు పిల్లలతో మొక్కలు నాటించడం 1890లో జిఖ్రోన్ యాకోవ్‌లో జెవ్ యావెట్జ్ అనే ఉపాధ్యాయుడితో మొదలైంది.

అంకెలు: హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఓ విలువ. ‘జీవం’ అనే అర్థమున్న ‘హాయ్’ పదం విలువ 18. అందుకే చదివింపులు 18, 36, 54 ఇలా ఇస్తారు. పిల్లలకు భాషా లెక్కలూ ఒకేసారి వస్తాయి.

దానం డబ్బా: శుక్రవారం దీపం పెట్టేముందు పిల్లల చేత చిల్లర వేయిస్తారు. నిండాక ఎవరికివ్వాలో నిర్ణయించేదీ చాలా ఇళ్లలో వాళ్లే.

నాలుగో పిల్లాడి మాట

ఇంతకీ అడగడమే రాని ఆ నాలుగో పిల్లాడి సంగతి? వాడు మరీ చిన్నవాడు కావచ్చు, బిడియస్తుడు కావచ్చు, ఏ ఆసక్తీ లేనివాడూ కావచ్చు. వాడి విషయంలో హగ్గదా పిల్లాణ్ని ఏమీ అనదు. పెద్దల వైపు తిరిగి, నువ్వే మొదలుపెట్టు అంటుంది. మన పిల్లలు తాతల కథలు అడగడం లేదనీ, పండగ ఎందుకో పట్టించుకోవడం లేదనీ బాధపడే తల్లిదండ్రులు ఎందరో. ఈసారి ఉగాది పచ్చడి గిన్నె చేతికిచ్చేటప్పుడు ‘ఇందులో చేదు ఎందుకేశామో చెప్పుకో చూద్దాం’ అని అడిగి చూడండి.